పడిపోయే మీట

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌ను ముంచెత్తింది. నీళ్లు తీశాక ఒక వీధిలో పక్కపక్క ఇళ్లవాళ్లు బురద కడుక్కుని మెయిన్ వేశారు. రెండిళ్లలోనూ బోర్డులో ఉన్న ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పడిపోయే మీట, టప్పున పడిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ పడింది.

మొదటి ఇంటాయనకు విసుగొచ్చింది. తెలిసిన కుర్రాణ్ణి పిలిచి, "దీంతో పడలేం. తీసేసి డైరెక్టు ఇచ్చెయ్యి బాబూ" అన్నాడు. కుర్రాడు అలాగే చేశాడు. లైట్లు వెలిగాయి, ఫ్యాను తిరిగింది. ఇంటాయన సంతోషించాడు.

రెండో ఇంటావిడ పెద్ద వయసు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, "పాడైనట్టుంది, మార్చెయ్యండి మేస్త్రీ గారూ" అంది.

"అది బాగానే ఉందమ్మా. ఎందుకు పడుతోందో చూద్దాం" అంటూ ఆయన ప్లగ్గులన్నీ తీయించి, ఒక్కొక్కటే పెట్టించాడు. ఫ్రిజ్ వంతు రాగానే మీట పడింది. కంప్రెసర్ దగ్గర బురద చేరి, కరెంటు ఫ్రిజ్ బాడీకి దిగుతోంది. ఇంటి ఎర్తు కూడా తుప్పుపట్టి ఉంది.

ఇంతలో పక్కింట్లో కేక. అక్కడా ఫ్రిజ్‌కు అదే జబ్బు. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి తలుపు తీయబోయిన ఇంటాయన చెయ్యి హ్యాండిల్‌కు బిగుసుకుపోయింది. కొడుకు పట్టుకోబోయాడు. "ముట్టుకోకు! ముందు మెయిన్ తియ్యి!" అని మేస్త్రీ అరిచాడు. మెయిన్ తీయగానే ఆయన కూలబడ్డాడు. ఊపిరి ఆడుతోంది. 108లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికాడు.

ఇంటికొచ్చాక ఆయన అడిగాడు: "ఎంసీబీ ఉంది కదా మేస్త్రీ, అదెందుకు పడలేదు?"

"అది తీగలు కాలిపోకుండా కాపాడేదండి. 16 ఆంపియర్ల ఎంసీబీకి అంతకు మించిన కరెంటు పారితే తప్ప కదలిక ఉండదు. మనిషి ప్రాణానికి ఆంపియరులో పదో వంతు చాలు. ఆర్‌సీసీబీ మాత్రం వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే పడిపోతుంది. మీరు తీయించేసింది దాన్నే."

నీతి: అరిచే కాపలాదారుణ్ణి వెళ్లగొడితే దొంగ పోడు, దొంగ వచ్చాడని చెప్పేవాడే పోతాడు.

ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడూ నొక్కి చూడండి. ఎర్తు పరీక్ష చేయించండి. వరదలో మునిగిన ఏ వస్తువునూ ఎలక్ట్రీషియన్ చూడకుండా ప్లగ్గులో పెట్టొద్దు. వీధిలో తీగ తెగిపడితే దూరంగా ఉండి 1912కు చెప్పండి. పడిన మీటను మళ్లీ పైకెత్తే ముందు, ఎందుకు పడిందో తెలుసుకోండి.