తాళం దేవుడి దగ్గరే ఉంది, నేనే లేను

ఈ వారం వీడియోలో హనుమంతుడు సీతమ్మకి ఉంగరం ఇచ్చే ఘట్టం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో నా సొంత అనుభవం ఒకటి చెప్దామనుకుని, కెమెరా ముందు సిగ్గేసి వదిలేశాను. ఇక్కడ రాస్తున్నాను. విషయం వినడానికి చాలా చిన్నది: బండి తాళం పోవడం.

మాది మైలవరం. నేను ఉద్యోగం చేసేది హైదరాబాద్‌లో. మే నెల వస్తే వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఇంటికి వచ్చేస్తాను, మామిడికాయల సీజన్ కాబట్టి. నాన్న నూజివీడు వైపు ఒక తోట కౌలుకి చేస్తారు. ఆ నెల రోజులూ ఆయన తెల్లవారకముందే తోటకి వెళ్లిపోతారు. కోత, గ్రేడింగ్, నున్న మార్కెట్‌కి లోడు, ఇదే పని. ఇంట్లో అమ్మ, నేను, నా పాత బండి.

రెండేళ్ల కిందట ఒక రోజు పొద్దున్నే పాల ప్యాకెట్లు తెచ్చాను. అప్పటికే చెవిలో ఇయర్‌ఫోన్స్, ఆఫీస్ కాల్ నడుస్తోంది. రాత్రి మా టీమ్ చేసిన రిలీజ్‌లో ఏదో తేడా వచ్చింది, తప్పు ఎవరిదని గొడవ. తప్పు నాది కాదని నిరూపించుకునే పనిలో నేనున్నాను. అలా మాట్లాడుతూనే ఇంట్లోకి వచ్చాను, పాలు ఫ్రిజ్‌లో పెట్టాను, తిరిగాను, కూర్చున్నాను.

ఓ గంట తర్వాత అమ్మకి ఆయాసం వచ్చింది. ఆవిడకి ఆస్తమా ఉంది, ఇన్‌హేలర్‌తో తగ్గిపోతుంది మామూలుగా. ఆ రోజు తగ్గలేదు. హాస్పిటల్ రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. "పదమ్మా" అని లేచి జేబు తడిమాను. తాళం లేదు. టేబుల్ మీద లేదు, ఫ్రిజ్ మీద లేదు, బండికీ లేదు. సోఫా దిండ్లు తీసి విసిరేశాను. చెత్తబుట్ట కూడా తిరగేశాను. రెండో తాళం ఏదిరా అని అమ్మ రొప్పుతూనే అడిగింది. సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, రెండో తాళం కూడా అదే గుత్తికి ఉంది. బండి కొన్నప్పుడు షోరూమ్ వాళ్లు ఇచ్చిన రెండు తాళాలూ ఒకే రింగులో అలాగే వదిలేశాను.

చివరికి గోడ అవతల నుంచి పక్కింటి బాబాయిని కేకేస్తే, ఆయన బనియన్ మీదే వచ్చి అమ్మని తన బండి మీద తీసుకెళ్లారు. నెబ్యులైజర్ పెట్టారు, గంటలో తేరుకుంది. దేవుడి దయ. కానీ నేను వెతకడానికి పోగొట్టిన ఆ ఇరవై నిమిషాలు, ఆ రొప్పు చప్పుడు, ఇప్పటికీ నాకు వినపడుతూనే ఉంటాయి.

సాయంత్రం అమ్మ దీపం పెట్టడానికి దేవుడి గదిలోకి వెళ్లి, "ఏరా, ఇదిగో నీ తాళం" అంది. ఆంజనేయస్వామి పటం ముందు కుంకుమ పళ్లెంలో ఉంది. "పొద్దున దణ్ణం పెట్టుకున్నావుగా, అప్పుడు పెట్టినట్టున్నావ్" అంది మామూలుగా.

నాకు ఒళ్లు చల్లబడింది. ఎందుకంటే నేను దణ్ణం పెట్టుకున్నట్టే నాకు గుర్తు లేదు. చిన్నప్పట్నుంచి ఉన్న అలవాటు, బయట నుంచి రాగానే దేవుడి గదిలోకి వెళ్లడం. ఆ రోజు కూడా కాళ్లు వెళ్లాయి, చేతులు జోడించాయి, తాళం స్వామి ముందు పెట్టాయి. నేను మాత్రం ఆ కాల్‌లో ఉన్నాను. ఇల్లంతా వెతికినవాడిని దేవుడి గదిలో ఎందుకు వెతకలేదు? నేను అక్కడికి వెళ్లాననే నాకు తెలియదు కాబట్టి.

మా ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. సర్వర్‌లో ఏదైనా తప్పు జరిగితే లాగ్ తెరిచి చూస్తాం. లాగ్ చెరిగిపోతే ఒక రకం సమస్య. అసలు లాగ్ రాయకపోతే ఇంకో రకం. ఎంత వెతికినా దొరకదు, రాస్తేగా దొరికేది! మనం "తాళం ఎక్కడ పెట్టానో మర్చిపోయా" అంటాం. చాలాసార్లు అది మరుపు కాదు. పెట్టిన క్షణంలో మనసు అక్కడ లేదు, అందుకే గుర్తు పడలేదు.

భగవద్గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి ఒక వరస చెప్తాడు. ఒక విషయాన్నే పట్టుకుని ఆలోచిస్తూ ఉంటే దాని మీద మోజు పుడుతుంది, మోజులోంచి కోరిక, కోరికకి అడ్డొస్తే కోపం, కోపంలోంచి మోహం, మోహంలోంచి స్మృతి తప్పడం, స్మృతి తప్పితే బుద్ధి చెడటం, ఆ తర్వాత మనిషే చెడిపోవడం. 62, 63 శ్లోకాలు. ఇదంతా పెద్ద పెద్ద పాపాల గురించి అనుకునేవాణ్ణి. ఆ రోజు నాకు జరిగింది చూసుకుంటే అదే వరస. తప్పు నాది కాదనిపించుకోవాలన్న కోరిక, అవతలివాడు ఒప్పుకోకపోతే కోపం, ఆ కోపంలో నా చేతిలో ఏముందో నాకే తెలియకపోవడం.

మన కథల్లో పోయిన వస్తువు అనగానే గుర్తొచ్చేది శకుంతల ఉంగరం. కాళిదాసు నాటకంలో ఆ ఉంగరం ఎప్పుడు జారిపోయింది? శచీతీర్థం దగ్గర నీళ్లకి నమస్కారం చేస్తున్నప్పుడు. చేప మింగింది, జాలరికి దొరికింది, అది తర్వాతి కథ. అంతకుముందు దుర్వాసుడి శాపం ఎందుకొచ్చింది? గుమ్మంలో అతిథి నిలబడి పిలుస్తుంటే ఆమె మనసు దుష్యంతుడి దగ్గర ఉంది, వినపడలేదు. పాపం, చిన్నపిల్ల, ప్రేమలో ఉంది, ఆమెని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. కానీ నమస్కారం చేస్తూ కూడా చేతిలోది పోగొట్టుకోవచ్చని ఆ కథ చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. కుంకుమ పళ్లెం చూశాక అర్థమైంది.

ఇప్పుడు హనుమంతుడి దగ్గరికి వద్దాం. రాముడు తన పేరు చెక్కిన ఉంగరం ఇచ్చాడు. వాల్మీకి ఏం రాశాడో చూడండి. హనుమ దాన్ని తీసుకుని తల మీద పెట్టుకుని, చేతులు జోడించి, రాముడి పాదాలకి నమస్కరించి అప్పుడు బయల్దేరాడు. పుచ్చుకున్న ఆ క్షణంలో పూర్తిగా అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత నూరు యోజనాల సముద్రం, సురస, సింహిక, లంకిని, రాత్రంతా లంక గాలింపు. ఉంగరం ఎక్కడికీ పోలేదు. నోట్లో పెట్టుకుని సముద్రం దాటాడని తులసీదాసు హనుమాన్ చాలీసాలో అంటాడు. రామనామం జపించే నోరు కదా, అంతకన్నా భద్రమైన చోటు ఏముంటుంది!

సీతమ్మ చూడామణి ఇచ్చేటప్పుడు ఇంకా బాగుంటుంది. అది సుందరకాండ 38వ సర్గ. ఆ చూడామణిని ఆమె తన వస్త్రంలోంచి విప్పి తీసి ఇచ్చిందంటాడు వాల్మీకి. మన అమ్మమ్మలు కొంగున ముడేసుకున్నట్టే అనుకోండి. అన్ని నెలలు, చుట్టూ రాక్షస స్త్రీలు, ఆ దుఃఖంలో కూడా అది పోలేదు. హనుమ దాన్ని తన వేలికి తొడుక్కున్నాడు. తిరిగొచ్చాక కోతులన్నీ మధువనంలో పడి తేనె తాగి చిందులు వేశాయి. అంత సంబరంలోనూ చూడామణి భద్రంగా రాముడి చేతికి చేరింది. ఎవరిది, ఎవరికి చేర్చాలి అన్నది హనుమ మనసులోంచి ఒక్క క్షణం కూడా జారలేదు.

అంతటి హనుమకీ ఒక తడబాటు ఉంది. లంక తగలబెట్టాక ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, కోపంలో ఒళ్లు తెలియక ఊరంతా కాల్చేశానే, సీతమ్మ కూడా అందులోనే ఉందే" అని తనని తాను తిట్టుకున్నాడు. తర్వాత ఆమె క్షేమమని తెలిసి, వెళ్లి కళ్లారా చూసుకుని అప్పుడు కదిలాడు. కాబట్టి ఎప్పుడైనా తాళం పోగొట్టుకున్నవాళ్లు మరీ కుంగిపోవద్దు. అలసిపోయిన మనిషికి మరుపు రావడం పాపం కాదు. ఉలిక్కిపడ్డాక ఆగి చూసుకున్నామా లేదా అన్నదే లెక్క.

సరే, మరి ఏం చేయాలి? మన పెద్దవాళ్లు దీనికి ఒక పద్ధతి ఎప్పుడో పెట్టారు. రోజూ వింటాం, పట్టించుకోం. అదే సంకల్పం. పూజ మొదలుపెట్టే ముందు పంతులుగారు ఏం చెప్పిస్తారు? మేరువుకి దక్షిణాన, జంబూద్వీపంలో, భరతఖండంలో, శ్రీశైలానికి ఈశాన్యంలో, కృష్ణా గోదావరుల మధ్య ఉన్నానని. మా మైలవరానికి ఇది అక్షరాలా సరిపోతుంది. ఆ తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. ఆ తర్వాత గోత్రం, పేరు. చివర్లో నేను చేయబోయే పని ఇది అని చెప్పి నీళ్లు వదులుతాం. ఇది ఏదో తంతు అనుకునేవాణ్ణి. దేవుడికి మన అడ్రస్ తెలియదా? ఆయనకి తెలుసు. మనకే చెప్పుకోవాలి. ఎక్కడున్నాను, ఎప్పుడున్నాను, నేనెవరిని, ఏం చేస్తున్నాను. నోటితో పైకి చెప్పాక చేసిన పని మనసులో అచ్చు పడుతుంది. జపాన్ రైల్వేల్లో డ్రైవర్లు సిగ్నల్ వైపు వేలు చూపించి, ఏ సిగ్నలో పైకి చెప్పి మరీ ముందుకెళ్తారు. పొరపాట్లు తగ్గించడానికి వాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. మన ఇళ్లల్లో ఎప్పట్నుంచో ఉన్నది దానికి చుట్టమే.

అప్పట్నుంచి నేను బండి తాళానికి కూడా చిన్న సంకల్పం చెప్పుకుంటున్నాను. నవ్వకండి. బండి దిగగానే ఒక్క ఊపిరి ఆగుతాను. ఇయర్‌ఫోన్ తీసేస్తాను. హ్యాండిల్ లాక్ వేసి తాళం తీస్తాను. తాళం చూసి, "రామా, తాళం కుడి జేబులో" అని మెల్లగా పైకి అంటాను. ఇంట్లోకి వచ్చాక "రామా, తాళం మేకుకి". అంతే. మూడు సెకన్లు.

దీంతో పాటు నేర్చుకున్నవి ఇంకొన్ని ఉన్నాయి.

తాళానికి ఒకే చోటు ఉండాలి. మా గుమ్మం పక్కన ఒక మేకు కొట్టాను. ఫోన్ పెట్టే జేబులో తాళం పెట్టకండి, ఫోన్ తీసేటప్పుడు అది కూడా వచ్చి కింద పడుతుంది.

రెండో తాళం వేరే చోట ఉండాలి, అదెక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. మాది ఇప్పుడు అమ్మ బీరువాలో ఉంది. దొంగ బండి ఎత్తుకుపోతే ఇన్సూరెన్స్ వాళ్లు మామూలుగా రెండు తాళాలూ అడుగుతారు, అందుకైనా జాగ్రత్త చేయండి. కొన్ని కొత్త బళ్ల తాళాల్లో చిప్ ఉంటుంది, రోడ్డు పక్కన తాళాలు చేసేవాళ్ల దగ్గర డూప్లికేట్ అవ్వదు.

తోటలకి, పొలాలకి వెళ్లేవాళ్లయితే ఎర్ర దారమో గుడ్డ పీలికో కట్టండి. ఎండుటాకుల్లో పడితే తాళం కనపడదు. మా నాన్న లుంగీ మీద తోటలో తిరిగేటప్పుడు తాళం మొలతాడుకి కట్టేసుకుంటారు. ఎప్పుడూ పోలేదు.

ఇంకో మాట. కొత్త బండి కొంటే బెజవాడ దుర్గమ్మ దగ్గరికో, అగిరిపల్లి నరసింహస్వామి దగ్గరికో తీసుకెళ్తాం. దసరాకి ఆయుధపూజ చేస్తాం. నిమ్మకాయలు తొక్కిస్తాం. పంతులుగారు తాళానికి కుంకుమ పెట్టి మన చేతికి తిరిగిస్తారు. ఆ ఒక్క నిమిషం ఆలోచించండి. స్వామి సన్నిధిలో పెట్టింది మన చేతికి తిరిగొచ్చిందంటే, రాముడు హనుమ చేతికి ఉంగరం ఇచ్చినట్టే. ఆ బండి మీద ఎవరినో ఎక్కడికో చేర్చాల్సిన బాధ్యత కూడా దాంతోనే ఇచ్చాడు. నాకు ఆ బాధ్యత ఉన్న రోజున నేను లేను. పక్కింటి బాబాయి ఉన్నారు. ఆ రోజు హనుమ పని చేసింది ఆయనే.

మొన్న మే నెలలో మళ్లీ ఇంటికెళ్లాను. పొద్దున్నే పాలు తెచ్చి, మేకుకి తాళం తగిలించి, ఫోన్ బయటే పెట్టి దేవుడి గదిలోకి వెళ్లాను. ఆంజనేయస్వామి పటం ముందు నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. అర నిమిషమే. బయటికి వచ్చాక అమ్మ వంటింట్లోంచి అడిగింది: "ఏరా, దణ్ణం పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానమ్మా" అన్నాను. ఈసారి అది నాకు గుర్తుంది.

ఈ వారం ఒక్క పని చేసి చూడండి. రోజూ బండి దిగినప్పుడు ఒక్క ఊపిరి ఆగి, తాళం ఎక్కడ పెడుతున్నారో రామనామంతో కలిపి పైకి చెప్పండి. వారం తర్వాత ఏమైందో కింద రాయండి, వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం.

జై శ్రీరామ్. జై హనుమాన్.