హీబ్రూ కీర్తనలందలి ప్రాణము

గోదావరీ మండలములందలి క్రైస్తవ దేవాలయములలో నేటికిని పాడబడుచున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమును తెరచినచో, పాటల శిరోభాగమున రాగతాళములు నిర్దేశింపబడియుండుట కానవచ్చును. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగు భక్తకవులు క్రీస్తుభక్తిని మన పల్లవీచరణముల బాటనే నడపిరి. ఇట్టి సంప్రదాయమే హీబ్రూ పవిత్రగ్రంథమునను గలదు. ఐదు స్కంధములుగా విభక్తమైన 150 కీర్తనలలో పెక్కింటికి, ఇది ప్రధానగాయకునిదనియు, ఇది తంత్రీవాద్యములతో పాడదగినదనియు శీర్షికలున్నవి. ఆ పాటల స్వరములు కాలగర్భమున కలిసిపోయినవి. 71 పర్యాయములు వచ్చు ‘సెలా’ యను సంజ్ఞకు అర్థమేమో పండితులును నిశ్చయింపజాలకున్నారు. స్వరము లుప్తమైనను అందు మొరపెట్టిన జీవుడు లుప్తుడు కాలేదు. ఆ జీవుని స్వరూపమెట్టిది?

దేహమునుండి వేరై, చావులేక, నిర్వికారమై వెలుగు ఆత్మను గూర్చి గీతయందు విని పెరిగిన మనము ఆ భావమునే దావీదు కీర్తనలకు ఆరోపించుట యుక్తము కాదు. మంటితో రూపొందిన దేహమున దేవుడు శ్వాస నూదగా మానవుడు జీవించు ప్రాణి యయ్యెనని ఆదికాండము చెప్పుచున్నది. కావున ఆ కవులకు ప్రాణమనగా దప్పిగొను గొంతుక, వడకు ఎముకలు, కన్నీట తడియు శయ్య, ఇవి యన్నియు తనవిగా గల పూర్ణమానవుడే. 63వ కీర్తనలో ప్రాణమును శరీరమును కలిసియే దేవునికొరకు తపించును. మృతులు నిన్ను స్తుతింపజాలరు గనుక నన్ను బ్రతికింపుమని 6వ కీర్తనకారుడు దేవునితో వాదించుటకు గల కారణము, స్తుతిగానమే జీవునికి లక్షణమను గాఢవిశ్వాసము.

ఈ భావము 42, 43 కీర్తనలలో పరాకాష్ఠ నందినది. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప కాలువనీటికి అలవడిన మనకు, అందలి దుప్పి దాహము దూరపుమాటగా తోచవచ్చును గాని, 1833 నాటి క్షామము ననుభవించిన ఈ సీమ పూర్వులకు అది సుబోధమే. ఆ దుప్పివలె దేవునికొరకు దప్పిగొను కవి తన ప్రాణమునే సంబోధించి, ఏల క్రుంగితివని ప్రశ్నించును. ఆ ప్రశ్న మూడుమారులు పల్లవివలె మరలివచ్చును. త్యాగరాజస్వామియు తన మనస్సును పిలిచి ఎన్ని కృతులలో బోధింపలేదు! గానమున మానవుడు తానే వక్తయు తానే శ్రోతయు నగును; పల్లవి మరలివచ్చిన కొలదిని, క్రుంగినవాడును ఓదార్చువాడును ఒక్కరగుదురు. తర్కము చేయజాలని ఈ కార్యమును సంగీతము చేయుచున్నది.

88వ కీర్తన చీకటిలోనే ముగియును. అయినను అది దేవుని యెదుట పాడిన పాటయే గాని మౌనము కాదు. 150వ కీర్తన వాద్యముల నన్నింటిని పిలిచి, తుదకు ఊపిరిగల సమస్తమును స్తుతికి పిలుచును. కావున ఏ మతస్థులైనను, ప్రాణతత్త్వమును హీబ్రూ కవులనుండి గ్రహింపగోరు చదువరులు ఈ కీర్తనలను కన్నులతో మాత్రమే చదువక, గొంతెత్తి పఠింపవలెనని నా ప్రార్థన.