మసకబారిన దీపములు

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 3:1–10; మత్తయి 6:22–23



గడచిన జనవరి నెలలో మేము నలుగురము విశాఖపట్టణములో కూటములు ముగించుకొని రాత్రివేళ మా ఊరికి తిరిగి వచ్చుచుంటిమి. మా సంఘమునకు ఒక పాత కారు ఉన్నది. దానిని నడుపువాడు మా సంఘపు యౌవనస్థుడే. గాజువాక దాటి, కూర్మన్నపాలెము దాటి, ఉక్కు కర్మాగారపు వెలుగులు వెనుకబడువరకు దారి పగలువలె నుండెను. అనకాపల్లిలో పెద్దరోడ్డు విడిచి చోడవరము దారి పట్టినప్పుడు చీకటి యనగా ఏమో తెలిసినది. అది చెరకు కొట్టు కాలము. ఆ దారి ఎరిగినవారికి మేము చెప్పనక్కరలేదు; వెనుక దీపము లేని చెరకు బండ్లు రాత్రి పొద్దుపోయినను నడుచుచునే యుండును.

ఒక మలుపు తిరిగిన వెంటనే డ్రైవరు కేక వేసి బ్రేకు తొక్కెను. కారు నిలిచినప్పుడు మాకును ముందున్న చెరకు బండికిని నడుమ నాలుగు మూరల యెడము మాత్రమే యుండెను. ఆ సందులో ఒక ముసలి తండ్రి నిలిచి యుండెను. బండి వెనుక నడుచుచున్న ఆయన మా చప్పుడు విని తిరిగి చూచి, కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని అట్లే నిలిచిపోయెను. మేము దిగి ఆయన చేతులు పట్టుకొంటిమి. ఆయన మమ్మును తిట్టలేదు. "బాబూ, మీ లైటు నా కళ్ళకి కొట్టింది గాని, మీకు నేను అవుపడనేదా?" అని మాత్రము అడిగెను.

ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయెను. ఇల్లు చేరువరకు కారులో ఎవరును మాటలాడలేదు.

తెల్లవారిన తరువాత కారు ముందర నిలిచి చూచితిమి. ఆ కారెక్కి ఎన్నో ప్రయాణములు చేసితిమి గాని దాని ముఖమును నిదానించి చూచిన దినము లేదు. రెండు దీపముల పైమూతలును పసుపుపచ్చగా, గంజి పూసి ఆరబెట్టినట్లు మసకగా నుండెను. లోపలి బల్బు కానరాదు. "ఎన్నాళ్లనుండి ఇట్లున్నది?" అని డ్రైవరును అడిగితిమి. "ఏమో అయ్యగారూ, రోజూ చూస్తూనే ఉన్నాను గదండీ" అనెను. రోజూ చూచుటచేతనే అతనికి తెలియలేదు. ఒక్క రాత్రిలో మసకబారిన యెడల మరునాడే కనిపెట్టియుండును. మా తప్పు అతని తప్పుకంటె చిన్నది కాదు. వెనుక సీటులో కూర్చున్నవారు దీపములను గూర్చి ఎన్నడు ఆలోచించిరి?

పాత అంబాసిడరు కారులకు దీపముల మూతలు గాజువి. గాజు పగులును గాని పసుపెక్కదు. ఈ దినములలోని కారులకు వేయునది పాలికార్బొనేటు అను గట్టి ప్లాస్టిక్కు. 1953లో జర్మనీలో ఒకరును అమెరికాలో ఒకరును వేరువేరుగా దానిని కనుగొనిరి. అది తేలిక, రాయి తగిలినను సులువుగా పగులదు, ఏ ఆకారమునకైనను వంగును. దానికున్న బలహీనత సూర్యుని యెండ. ఎండలోని అతినీలలోహిత కిరణములు దానిని పాడుచేయును గనుక, కర్మాగారములో దానిపైన ఒక పలుచని గట్టి పూత పూయుదురు. కొన్ని సంవత్సరములకు ఆ పూతయే ఎండకు చెడి, పసుపెక్కి, అక్కడక్కడ పొరలుగా లేచును. మా కారు మా చేతికి రాకమునుపు విశాఖలో పాతపట్టణమున, ఓడరేవు దాపున, నీడలేని చోట ఏండ్ల తరబడి నిలిచినదట. 1933లో తెరచిన ఆ రేవునకు ఇనుప రాయి, బొగ్గు రాసులుగా వచ్చి పోవుచుండును. ఆ ధూళి ఎంతదో అక్కడ బట్టలు ఆరవేసిన తల్లులను అడిగిన చెప్పుదురు. సముద్రపు ఉప్పుగాలియు దానికి తోడు.

కారు ఏ పాపమును చేయలేదు సుమా. ఎండలో నిలిచి పని చేసినది, అంతే. దీర్ఘకాలము సేవలో నిలిచినవారికే ఈ మసక పట్టునని మాకు తోచుచున్నది. షిలోహులో ఏలీ సంగతి చూడుడి. ఆయన దొంగ యాజకుడు కాడు. నలువది సంవత్సరములు ఇశ్రాయేలునకు న్యాయము తీర్చినవాడు. సమూయేలు పిలువబడిన ఆ రాత్రి మందిరములో దీపము ఇంకను వెలుగుచునే యున్నదని లేఖనము తెలుపుచున్నది. ఆయన కన్నులు మాత్రము మందగించినవి. గుడారపు ద్వారమునొద్ద తన కుమారులు చేయుచున్న దానిని ఆయన చెవులు వినెను గాని, దానిని ఆపుటకు ఆయన లేవలేదు. హన్నా కన్నీళ్లతో ప్రార్థించినప్పుడు ఆమెను త్రాగినదనుకొనెను. ఎదుటనున్న మనిషి ఆయనకు సరిగా కనబడలేదు.

ఇక బల్బు సంగతి. ఆ ప్రమాదమునకు మూడు నెలల ముందు, రాత్రులు దారి కనబడుట లేదని డ్రైవరు చెప్పగా, ఒక దుకాణమువారు పాత బల్బులు తీసి 100 వాట్ల బల్బులు వేసిరి. 55, 60 వాట్లకు చేసిన దీపములవి. మేము సంతోషముతో డబ్బు చెల్లించితిమి. జరిగినదేమి? మసకబారిన మూత వెనుక ఎంత వెలుగు పెట్టినను అది రోడ్డుమీదికి తిన్నగా పోదు, నలుదిక్కుల చెదరిపోవును. చెదరిన వెలుగు ఎదుటివాని కన్నులలో పడును. ఎక్కువైన వేడి ఆ దీపమును ఇంకను పాడుచేయును. 2018లో అమెరికాలో ట్రిపుల్ ఏ అను వాహనదారుల సంఘము పరీక్షించి, బాగుగా మసకబారిన దీపములు క్రొత్తవాటి వెలుగులో సుమారు అయిదవ వంతు మాత్రమే ఇచ్చుచున్నవని కనుగొన్నది. గంటకు 60 కిలోమీటర్లు పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దాటును. ముసలి తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదియే. మా వెలుగు ఆయనను గ్రుడ్డివానిని చేసినది, మాకు ఆయనను చూపలేదు.

ప్రియులారా, మేము ఇట్టి బల్బులు కారుకు మాత్రమే మార్చలేదు. గత క్రిస్మసుకు మా మందిరముపైన పెద్ద మైకులు కట్టించితిమి. అందులో ఒక దాని నోరు ఒక విధవరాలి ఇంటివైపు ఉండెను. ఆమె ఆరు నెలలనుండి ఆరాధనకు రావడము లేదు. మోకాళ్ల నొప్పులతో మంచము పట్టినది. పేరు రిజిష్టరులో ఉన్నది, చందా బాకీ పుస్తకములో ఉన్నది, మా కంటికి మాత్రము ఆమె కనబడలేదు. ముసలి తండ్రి మాట చెవులలో మ్రోగుచుండగా ఆమె జ్ఞాపకము వచ్చి, ఆ శుక్రవారము మేమును మా పెద్దలిద్దరును వెళ్లితిమి. ఆమె మమ్మును నిష్ఠూరమాడునని భయపడితిమి. ఆమె సండే స్కూలు పిల్లల క్షేమము అడిగి, టీ పెట్టించి, చివరకు, "అయ్యగారూ, ఆ మైకు కాస్త అటేపు తిప్పిస్తారా? తెల్లారగట్ల నిద్ర పట్టే వేళకే అది మోగుతాది" అనెను. అదే దినము తిప్పించితిమి.

మరునాడు, శనివారమున, దీపములు బాగుచేయుటకు పూనుకొంటిమి. గాజువాక ఆటోనగరులో పనిచేయు ఒక మేస్త్రి, మా డ్రైవరుకు బంధువు, వచ్చి చూపించెను. అతడు రాకమునుపే మాకు చాలామంది చాలా వైద్యములు చెప్పిరి. కొబ్బరినూనె రాయుమనిరి. రాసితిమి, అద్దమువలె మెరసెను, కడుగగానే మరల మసక. నూనె గీతలలో నిండి వాటిని దాచును గాని తీసివేయదు. మరియొకరు దోమల మందు పూయుమనిరి. మేస్త్రి చేయి పట్టి ఆపెను. కొన్ని దోమల మందులలోనున్న డీట్ అను ద్రవ్యము పైపొరను మెత్తబరచి మెరుపు చూపించునట. తరువాత మునుపటికంటె అధ్వాన్నమగును. వంటసోడాలో వెనిగరు పోసి నురగను చూచి మురియవలదనియు, ఆ నురగతో రెండును ఒకదాని బలము నొకటి పోగొట్టుకొనుననియు, పని చేయునది సోడాలోని పలుకేననియు చెప్పెను. మన తల్లులు లాంతరు చిమ్నీలను తుడిచిన బూడిద కూడ ఇక్కడ పనికిరాదు. గాజు ఓర్చుకొనును, ప్లాస్టిక్కు గీతలు పడును.

అతడు చేసిన విధము మీకును పనికివచ్చును గనుక వ్రాయుచున్నాము. ముందుగా సబ్బునీళ్లతో కడిగి ఇసుక రేణువు లేకుండ చేసెను. చుట్టునున్న రంగుకు గీతలు పడకుండ కాగితపు టేపు అంటించెను. మసక కొంచెమే యైన యెడల తెల్లని పళ్లపేస్టు (జెల్లు కాదు) తడిగుడ్డమీద వేసి పది నిమిషములు రుద్ది కడిగిన చాలును; పేస్టులో పండ్లను తోమునట్టి మెత్తని పొడియున్నది. మా దీపములకు అది చాలలేదు. అప్పుడు 1000 నంబరు వాటరు పేపరును నీళ్లలో నానబెట్టి, నీళ్లు పోయుచునే రుద్దెను. పసుపుపచ్చని నీళ్లు కారెను. తుడిచి చూచిన మా గుండె జారినది: దీపము సున్నము కొట్టిన గోడవలె తెల్లనై మునుపటికంటె గ్రుడ్డిదైనది. "పాడుచేసితివిరా!" అని డ్రైవరు అరచెను. మేస్త్రి నవ్వి, "పాత పూత అంతా దిగాలి బావా. సగం ఉంచి పాలిష్ చేస్తే మచ్చలు పడతాయి" అని 2000, ఆ పిమ్మట 3000 నంబరు కాగితములతో అడ్డముగాను నిలువుగాను రుద్ది, చివర పేస్టుతో మెరుగుపెట్టెను. అప్పుడు లోపలి బల్బు కనబడినది.

ఇంతటితో ముగిసినదని మేము లేచితిమి. అతడు లేవనియ్యలేదు. పాత పూత పోయెను గనుక ఇప్పుడా ప్లాస్టిక్కు ఎండకు దిగంబరముగా నున్నదట. ఇట్లే విడిచిన యెడల కొద్ది వారములలోనో నెలలలోనో మరల పసుపెక్కును. మైనము రాసిన కొంతకాలము ఆగును, దానిని మాటిమాటికి రాయవలెను. ఎండను ఆపు పారదర్శకపు పూత వేయించిన ఎక్కువ కాలము నిలుచును. మేము పూతయే వేయించితిమి. తీసివేయుట ఒక పని, కప్పుట మరియొక పని. మా బోధలలో మేము మొదటి దానిని చెప్పి రెండవ దానిని తరచుగా మరచుదుము. ఒప్పుకొనిన మనిషిని ఒప్పుకోలు దినముననే విడిచివేయుదుము. తప్పిన కుమారుడు ఇల్లు చేరినప్పుడు తండ్రి అతని చింకిపాతలను చూచి ఊరకుండలేదు. ప్రశస్తమైన వస్త్రము తెప్పించి కప్పెను.

100 వాట్ల బల్బులు తీయించి తగినవి పెట్టించితిమి. ఆ సాయంకాలము చీకటి పడగానే కారును మందిరపు గోడకు ఎదురుగా నిలిపితిమి. డ్రైవరు లోపల కూర్చుండెను, మేము బయట నిలిచితిమి. కారు లోపలివానికి తన దీపము సంగతి సరిగా తెలియదు. ఎదుట నిలిచినవాడు చెప్పవలెను. ఎడమ దీపపు వెలుగు అంచు దిద్దినట్లు గోడమీద పడెను. కుడి దీపము అంత బాగుగా లేదు. దగ్గరకు పోయి చూడగా దానిలోపల తేమ చేరి చుక్కలుగా నిలిచియున్నది. లోపలి మసకను పేస్టు గాని కాగితము గాని తాకలేవు. ఆ దీపమును మార్చవలసినదే అని మేస్త్రి చెప్పెను. దాని వెల మా సంఘపు పెట్టెకు కొంచెము భారము. పెద్దలు కూడి రెండు నెలలలో కొనుటకు తీర్మానించిరి. అంతవరకు మా కారు చీకటి పడిన తరువాత చోడవరము దారిన పోదు. కూటములకు పిలుచు సంఘములవారు దయచేసి మమ్మును సాయంకాలము నాలుగు గంటలకే పంపివేయుదురు గాక.