ఆ కొయ్య కారు ఎవరు చేసినట్టు?

మన స్కౌట్స్‌లో కబ్, బుల్‌బుల్ పిల్లలు ఉన్నట్టే అమెరికాలోనూ కబ్ స్కౌట్లు ఉన్నారు. వాళ్ళు ఆడే ఒక పందెం పేరు పైన్‌వుడ్ డెర్బీ. పైన్ అంటే మెత్తగా తెగే ఒకరకం కొయ్య. పందెంలో చేరిన ప్రతి పిల్లాడికీ ఒక పెట్టె ఇస్తారు. అందులో 7 అంగుళాల పొడవున్న చెక్కముక్క ఒకటి, ప్లాస్టిక్ చక్రాలు 4, ఇరుసులుగా వాడుకునే మేకులు 4 ఉంటాయి. అంతే. ఇంజను లేదు, బ్యాటరీ లేదు. చెక్కను కారులాగా చెక్కి, చక్రాలు బిగించి, ఏటవాలు బాట మీద పైనుంచి వదిలితే తన బరువుతోనే కిందికి పరిగెడుతుంది. బరువు 5 ఔన్సులు, అంటే సుమారు 142 గ్రాములు దాటకూడదు.

మొదటి పందెం 1953 మే 15న కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో జరిగింది. మొదలుపెట్టినాయన డాన్ మర్ఫీ అనే స్కౌట్ నాయకుడు. అప్పటికే అక్కడ సోప్ బాక్స్ డెర్బీ అని, పిల్లలు తామే లోపల కూర్చుని నడిపే బండ్ల పందెం ఒకటి ఉండేది. దానికి మర్ఫీ కొడుకు వయసు చాలలేదు. అందుకని తండ్రీ కొడుకూ కలిసి చేసుకునే చిన్న కారును ఆలోచించాడు. ఈ "కలిసి" అన్న మాట దగ్గరే నాకు అనుమానం. కలిసి అంటే ఎవరెంత?

ఇది పనిముట్ల దగ్గర తేలుతుంది. చెక్కను చిన్న చేతిరంపంతో కొయ్యవచ్చు, కరెంటు మీద నడిచే బ్యాండ్ సాతోనూ కొయ్యవచ్చు. చేతిరంపం పక్కకు పోతుంది, చెయ్యి నొప్పెడుతుంది, అరగంట పడుతుంది. బ్యాండ్ సాతో ఒక్క నిమిషం పని. తరవాత మూలలు గుండ్రం చెయ్యడానికి ఆకురాయి, ఉప్పుకాగితం. మేకు తల కింద చిన్న చిన్న ఇనుప పొక్కులుంటాయి, అవి చక్రానికి రాసుకుంటాయి. వాటిని ఆకురాయితో తీసేసి, సన్నరకం ఉప్పుకాగితంతో నున్నగా మెరిపించి, గ్రాఫైట్ పొడి వెయ్యాలి. గ్రాఫైట్ అంటే మన పెన్సిల్ ముల్లులో ఉండేదే. బరువు తక్కువైతే చెక్కకు రంధ్రం చేసి లోహపు ముక్కలు దూరుస్తారు, అదీ వెనకవైపు. బాట పైభాగం వాలుగా ఉంటుంది కాబట్టి వెనక ఉన్న బరువు ఇంకాస్త ఎత్తు నుంచి దిగుతుంది, వేగం పెరుగుతుంది.

కరెంటు యంత్రాలు చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు, పెద్దవాళ్ళే వాడాలి. ఇది న్యాయమే, వేలు పోతే మళ్ళీ రాదు. కానీ దీని ఫలితం చూడండి. ఇంట్లో యంత్రాలు ఎంత మంచివైతే పిల్లాడికి అంత తక్కువ పని మిగులుతుంది. బ్యాండ్ సా, డ్రిల్, మేకును గుండ్రంగా తిప్పే యంత్రం అన్నీ ఉన్న ఇంట్లో పిల్లాడు గుమ్మం దగ్గర నిలబడి చూస్తాడు. ఒక రంపం, నాలుగు ఉప్పుకాగితాలు ఉన్న ఇంట్లో వాడే చెయ్యాలి. కాబట్టి ఏ పనిముట్టు తీసుకున్నామన్నదాన్ని బట్టే ఎవరు పని చేస్తారన్నది కూడా తేలిపోతుంది.

మా చిన్నాన్న వాళ్ళు టెక్సస్‌లో ఉంటారు. వాళ్ళబ్బాయి వీడియో కాల్‌లో తన కారు చూపించాడు. గెలిచిందట. చాలా అందంగా ఉంది. ముందు చక్రాల్లో ఒకటి నేలకు తగలకుండా కొంచెం పైకి ఉంది. "అదేంట్రా అట్లా ఉంది?" అన్నాను. "నాన్నకు తెలుసు అక్కా" అన్నాడు. మూడు చక్రాలే తిరిగితే రాపిడి తగ్గుతుందని చిన్నాన్న తరవాత చెప్పారు. మరి నువ్వేం చేశావురా అంటే, స్టిక్కర్లు అతికించాడట. చిన్నాన్నను నేను తప్పుపట్టను. ఉద్యోగం నుంచి వచ్చి మూడు రాత్రులు గ్యారేజీలో కూర్చున్నారు, కొడుకు మీద ప్రేమ లేకుండానా? కానీ పక్క బాటలో ఓడిపోయిన పిల్లాడు ఎవరి చేతిలో ఓడినట్టు? ఆ లెక్క మాత్రం నాకు సరిపడలేదు.

ప్రేమ ఎంత దూరం పోగలదో 1973లో సోప్ బాక్స్ డెర్బీలో బయటపడింది. ఒహాయోలోని ఏక్రన్‌లో ఫైనల్ గెలిచిన 14 ఏళ్ళ అబ్బాయి బండి ముక్కులో విద్యుదయస్కాంతం దొరికింది. బయలుదేరే చోట బండ్లను ఆపే ఇనుప పలక కిందికి పడేటప్పుడు అది బండిని ముందుకు లాగేది. బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఆ ఏర్పాటు వెనక ఉన్నది ఆ అబ్బాయి మేనమామ. చిన్నాన్న చేసింది ఇట్లాంటి మోసం కాదు, ఆ రెండూ ఒకటని నేను అనను. అయినా రెండుచోట్లా పోటీ పెద్దవాళ్ళ మధ్యకు పోయింది, పిల్లల పేరు మాత్రం బోర్డు మీద మిగిలింది.

అట్లాగని పెద్దవాళ్ళు ముట్టుకోకూడదంటే ఏడేళ్ళవాడికి అన్యాయం. వడ్రంగి దగ్గర చేరిన కుర్రవాడికి ఎవరూ మొదటిరోజే పెద్ద ఉలి ఇవ్వరు. ప్రమాదమున్న కోత నాన్న కొయ్యనీ, కానీ గీత ఎక్కడ గియ్యాలో పిల్లాడు చెప్పనీ. ఉప్పుకాగితం, ఆకురాయి, రంగు, బరువు తూచడం వాడికి వదిలెయ్యనీ. వంకర వస్తే రానీ. "ఇది ఇక్కడెందుకు పెట్టావు?" అని అడిగితే జవాబు చెప్పగలిగితే ఆ కారు వాడిదే, సగం నాన్న కోసినా సరే. అక్కడ కొన్ని దళాలు అందరినీ ఒకచోటికి పిలిచి, ఉన్న పనిముట్లతోనే చేయిస్తాయి. పెద్దవాళ్ళకు వేరే పందెం పెట్టేవాళ్ళూ ఉన్నారు. అది నాకు భలే నచ్చింది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనవచ్చు. మన సైన్సు ఎగ్జిబిషన్ బల్లలు ఒకసారి గుర్తు చేసుకోండి. షాపులో చేయించిన థర్మాకోల్ మోడళ్ళు ముందు వరుసలో ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి పని నుంచి వచ్చే అమ్మానాన్నల పిల్లలు తామే చేసుకున్నవి, జిగురు మరకలతో, చివరి బల్ల మీద ఉంటాయి. ఒక శనివారం బడిలోనే రంపం, సుత్తి, జిగురు, ఉప్పుకాగితం పెట్టి, మోడళ్ళు అందరూ ఇక్కడే చెయ్యాలంటే ఎట్లా ఉంటుందని మా సైన్సు సారును అడిగాను.

"బాగానే ఉంటుందమ్మా, మరి మీ నాన్నలు ఒప్పుకోవాలి కదా" అని నవ్వారు.