వినేవాడి అలక

మనసు చెదిరినవాళ్ల గురించి మన భాషలో కథలున్నాయి, కవితలున్నాయి. వాళ్లకెదురుగా కుర్చీ వేసుకుని వినేవాడి గోడు ఎవరికీ పట్టదు. వాడికీ ఒక మనసుంటుంది గదా! బెంగుళూరులో చాలా ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నవాణ్ని కనుక నాకిది పుస్తకాల సమస్య కాదు, రోజూ ఎదురయ్యేదే. వచ్చిన మనిషి మీద విసుగో, జాలో, ఇష్టమో, కోపమో పుడుతుంది. పుట్టకుండా చేయడం ఎవరి తరమూ కాదు. పుట్టినదాన్ని ఏం చేయాలన్నదే ధర్మసందేహం.

ఫ్రాయిడ్ సంప్రదాయంలో దీన్ని కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. రోగి తన తల్లిమీదో తండ్రిమీదో ఉన్న భావాన్ని తెచ్చి వైద్యుడి మీద పెడతాడు. అందుకు బదులుగా వైద్యుడిలో లేచేది ఇది. వైద్యుడు దాన్ని తనలో గుర్తుపట్టి అణుచుకోవాలని 1910లో ఫ్రాయిడ్ చెప్పాడు. 1912లో శస్త్రవైద్యుణ్ణి ఆదర్శంగా చూపాడు. కత్తి పట్టినవాడు తన జాలిని కూడా పక్కన పెడతాడు గదా అని. 1950లో పౌలా హైమన్ దీనికి ఎదురు చెప్పింది. వైద్యుడిలో లేచే ఆ భావమే రోగి అంతరంగాన్ని తెలుసుకునే సాధనం అంది.

హైమన్ మాట నాకు సగమే మింగుడుపడుతుంది. ‘నాకు కోపం వచ్చిందంటే నీలో ఏదో ఉన్నట్టే’ అనుకోవడం వైద్యుడికి ఎంత సుఖం! ఆ కోపం పొద్దున ఇంట్లో మొదలైందేమో, ట్రాఫిక్‌లో ముదిరిందేమో. ముందు మన ఇల్లు సోదా చేసుకోకుండా పక్కవాడి ఇంటిమీద నేరం మోపడం న్యాయం కాదు.

నాకు నచ్చినవాడు విన్నికాట్. 1947లో చదివి 1949లో అచ్చువేసిన వ్యాసానికి పేరులోనే ‘ద్వేషం’ అన్న మాట పెట్టాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, ఎక్కడ ఉంచినా పారిపోయే ఒక తొమ్మిదేళ్ల కుర్రవాణ్ని ఆయన భార్య ఇంట్లో పెట్టుకుంది. మూడు నెలలున్నాడు. వాడు విరుచుకుపడినప్పుడల్లా విన్నికాట్ వాణ్ని ఎత్తి వీధి తలుపు బయట పెట్టేవాడు. వానైనా చలైనా సరే. కొట్టేవాడు కాదు. నువ్వు చేసినదానివల్ల నాకు నీమీద ద్వేషం పుట్టిందని మాత్రం చెప్పేవాడు. బయట ఒక గంట ఉండేది. వాడది మోగిస్తే లోపలికి రానిచ్చేవాళ్లు, జరిగినదాన్ని మళ్లీ ఎత్తేవాళ్లు కాదు. ఆ మాట పైకి చెప్పడం కుర్రవాడికంటే తనకే ఎక్కువ అవసరమైందని, చెప్పబట్టే తాను సహనం కోల్పోకుండా నిలబడ్డానని ఆయన దాచకుండా రాశాడు. ఈ పద్ధతి పెద్దవాళ్లతో, ఫీజు ఇచ్చి వచ్చేవాళ్లతో కుదరదు. కానీ ఆ గంట సంగతి నేను మరిచిపోలేను.

కోపం సరే, అది తనంతట తానే బయటపడుతుంది. మనబోటి పరాయిచోటి తెలుగువాళ్లకు అసలు గండం ఆప్యాయత. వచ్చినవాళ్లు కన్నడంలో మొదలుపెట్టి, నా మాట విని, ‘అన్నా, మీరు మనవాళ్లేనా?’ అంటారు. అంతే, నేను అన్ననైపోతాను. అన్నకు చెప్పుకోదగినవి వేరు, చెప్పుకోలేనివి వేరు. భర్తతో గొడవలు చెప్పే నోరు సొంత ఆశల దగ్గర మూతపడుతుంది. నాకా, అధికారం వచ్చేస్తుంది.

ఒకామె రెండు వారాలు కబురు లేకుండా మానేశారు. వివరాలు చెప్పను, చెప్పకూడదు. ఇలాంటివి మా పెద్దాయన దగ్గర విప్పుకోవడం మా వృత్తిలో ఆనవాయితీ. ఆయన కన్నడిగులు, మా మధ్య ఇంగ్లీషే నడుస్తుంది. ఆ ఇంగ్లీషులో ‘కొంచెం ఇరిటేషన్’ అన్నాను. మర్యాదగానే ఉంది, కానీ నిజం కాదు. నాలో ఉన్నది అలక. చిరాకు ఎవరి మీదనైనా పడవచ్చు. అలగాలంటే అవతలివాళ్లమీద హక్కుండాలి, వాళ్లు వచ్చి బతిమాలతారన్న ఆశ ఉండాలి. డబ్బిచ్చి వైద్యానికి వచ్చిన మనిషిమీద నాకెక్కడిదా హక్కు? తమిళులకు ఊడల్ అన్న మాటుంది గాని, అది ప్రేయసీప్రియుల మధ్యది. చివరికి కన్నడంలో ‘మునిసు’ అన్నాను.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ‘మునిసా? ఆమె మీకేమవుతారు?’ అన్నారు.

తర్వాత అరగంట మాట్లాడుకున్నది ఆమె గురించి కాదు, మా అక్కయ్య గురించి. ఆమెకు ఫోన్ చేయాలా వద్దా అన్నది ఆఖర్న వచ్చింది. ‘ఏమ్మా, రావడమే మానేశారు?’ అన్న ధోరణిలో వద్దనుకున్నాం. ఎవరు రాకపోయినా ఆఫీసునుంచి వెళ్లే మామూలు కబురే వెళ్లింది, కన్నడంలో.