కూడలిలోని గోడ ఎవరిది?



ఊరి నడిబొడ్డున, నాలుగు దారులు కలిసేచోట, ఒక కట్టడం వికారంగా నిలిచి ఉన్నదనుకోండి. గోడలు పాచిపట్టి, పెచ్చులూడి ఉంటాయి. వాటిమీద తీగలు, ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. దానిని బాగుచేయించాలని ఎవరైనా అన్న వెంటనే రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. "నా గోడ, నా ఇష్టం" అంటాడు యజమాని. "పేదవాడికి తిండి లేనప్పుడు గోడలకు సోకులెందుకు?" అంటారు మంచి మనసున్న మరికొందరు. రెండూ ఆలోచించదగినవే.

మొదటిదానిని చూద్దాం. ఇంటి లోపలి గది మన సొంతం. దానిని ఎలా ఉంచుకున్నా చూసేది మనమే. కూడలి వైపు తిరిగిన గోడ అలాంటిది కాదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయినప్పటినుండి రాజోలు వారికి, కొత్తపేట వారికి కూడ జిల్లా పనులకు అమలాపురమే దిక్కు. పాట నచ్చకపోతే రేడియో కట్టివేయవచ్చు. బస్సుకోసం నిలబడినవాడు ఎదురుగా ఉన్న గోడను కట్టివేయలేడు గదా! పైగా గడియార స్తంభం సెంటరువంటి చోట గజం స్థలానికి అంత విలువ ఎందుకు వచ్చింది? అటుగా నడిచే జనం వల్లనే. ఆ జనం వల్ల అద్దె పుచ్చుకునేవాడు ఆ జనం కళ్ళకు కొంత బాకీ పడి ఉన్నాడు. ఇది న్యాయానికి సంబంధించిన మాట.

ఇక రెండవది. అన్నమా, అందమా అని నిజంగా ఒకటే ఎంచుకోవలసివస్తే అన్నమే ముందు. సందేహం లేదు. కాని కూడలిలో పుట్టినరోజు ఫ్లెక్సీలకు ఖర్చుపెట్టేటప్పుడు ఈ ప్రశ్న ఎవరికీ గుర్తురాదు. గోడ బాగుచేయాలన్నప్పుడే వస్తుంది! ధనవంతుడు కూడలి వికారాన్ని మరచిపోవడానికి ఇంట్లో పూలతోట వేసుకుంటాడు. ఒంటిగది ఇంట్లో ఉండేవాడికి వీధే సావడి, కూడలే తోట. కనుక నలుగురూ తిరిగేచోట అందం ఎక్కువగా అక్కరకువచ్చేది పేదవాడికే.

అయితే అందమంటే ఏమిటి? పైపూత మాత్రమేనా? అల్బేనియా దేశపు రాజధాని టిరానాకు 2000లో మేయరైన ఎడి రామా స్వయంగా చిత్రకారుడు. ఆయన బూడిదరంగు పాత కట్టడాల ముఖాలకు మెరిసే రంగులు వేయించాడు. ఊరికి ఉత్సాహం వచ్చిందని కొందరు మెచ్చుకున్నారు. గోడ వెనుక నీళ్ళు, కరెంటు కష్టాలు తీరలేదు గదా అని కొందరు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

మన హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్టు కథ వేరు. ఏడవ నిజాము కాలంలో, 1935లో, కూడలిలో గడియారపు బురుజుతో కట్టిన రాతి కట్టడమది. కాలక్రమంలో రేకులు, బోర్డులు, తీగలు దానిని కప్పివేశాయి. 2018లో మరమ్మతులు మొదలై, 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభమైంది. అక్కడ జరిగిన ముఖ్యమైన పని కొత్త సోకు తగిలించడం కాదు. అడ్డుగా పెరిగినవి తీసివేసి, రాతిని శుభ్రపరచి, కారుతున్న కప్పును బాగుచేశారు. పేరుపడ్డ ఐస్‌క్రీము అంగళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి.

13వ శతాబ్దపు తత్త్వవేత్త పునీత తోమాసు అక్వినాసు అందానికి మూడు లక్షణాలు చెప్పారు: సమగ్రత, పొందిక, ప్రకాశం. మొదట చెప్పినది సమగ్రత అని గమనించండి. మన కోనసీమలో ఈ మాట మేస్త్రీకి కూడ తెలుసు. సముద్రపు ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుపచువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది. పెచ్చులు ఊడేది అందుకే. దానిమీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఎక్కువకాలం నిలువదు. కాబట్టి ముందు చువ్వ, శ్లాబు, మురుగుకాలువ, మరుగుదొడ్డి, తరువాత తీగలు, బోర్డులు, చివరకు రంగు.

సమగ్రతలో మనుషులు కూడ ఉన్నారు. ఆ కట్టడం నీడన టీకొట్టు పెట్టుకున్నవాడు, చెప్పులు కుట్టేవాడు, పూలమ్మే స్త్రీ కూడలిలో భాగమే. బాగుచేతపేరిట వారిని వెళ్ళగొట్టి అద్దాలు బిగిస్తే ఆ మెరుపు ఎవరికోసం? యజమానికి స్తోమత లేకపోతే పురపాలక సంఘం, అంగళ్ళవారు ఖర్చు పంచుకోవచ్చు. అందరూ అనుభవించే మేలుకు అందరూ తలా ఒక చేయి వేయడం ధర్మమే.

ఇకమీదట మన ఊరి కూడలిలో "ఏ రంగు వేద్దాం?" అని ఎవరైనా అడిగితే, ముందుగా మనం అడుగవలసినవి వేరే ఉన్నాయి: కప్పు కారుతున్నదా? ఈ నీడన బ్రతికేవారు రేపు ఎక్కడ ఉంటారు? వీటికి జవాబు దొరికిన తరువాత ఏ రంగు వేసినా ఆ గోడ చూడ ముచ్చటగానే ఉంటుంది.