తప్పు కప్పదా?

వాన పడిన రాత్రి మా హోసూరు పక్క మళ్ళల్లో బావురు కప్పలు అరిస్తే మా అవ్వకు చానా సంతోషం. పైరు మీది పురుగుల్ని తింటుంది, దాన్ని కొట్టకూడదు అంటుంది. మన ప్రభుత్వం కూడా 1987లో కప్పకాళ్ళ ఎగుమతిని ఆపేసింది.

కానీ ఇదే కప్ప అండమాన్ దీవుల్లో దొంగ అయిపోయింది. అది అక్కడ పుట్టిన జీవి కాదు. చెరువుల్లో పెంచడానికి ఇక్కడినుంచి తీసుకుపోయిన చేపపిల్లలతో కలిసి పోయిందంటారు. దాని తోకకప్పలు అక్కడి కప్పల పిల్లల్ని తినేస్తాయి. పెద్దదైతే కోడిపిల్లనూ మింగుతుందట. ఇక్కడ మంచిది అక్కడ చెడ్డది ఎట్లా అయింది? కప్ప మారలేదు కదా!

కప్పల పెంపకం కథ ఇంకా విచిత్రం. జపానువాళ్ళు 1918లో అమెరికా బావురు కప్పను తిండికోసం పెంచుదామని తెచ్చుకున్నారు. ఆ కప్పలకు మేత కావాలి కదా, 1927లో అమెరికానుంచే రొయ్యలాంటి ఎర్ర క్రేఫిష్‌ను తెచ్చారు. కప్పా తప్పించుకుంది, మేతా తప్పించుకుంది. ఇప్పుడు రెండూ అక్కడి కుంటల్లో నిండిపోయాయి. కొరియాలో 1970ల్లో ఇట్లాగే పెంచబోయి, గిట్టుబాటు కాక బయట వదిలేశారు.

వదిలినవాళ్ళు 'పాపం, చంపడమెందుకు, బతకనీ' అనుకున్నారేమో. నేనూ అట్లే అనుకున్నాను. పోయిన సంవత్సరం మా గాజుతొట్టిలో సక్కర్ చేప తొట్టికి పట్టనంత పెరిగింది. "చెరువులో వదిలిపెట్టి రా నాయనా, పుణ్యమొస్తుంది" అనింది అవ్వ. వదిలేశాను. అది దక్షిణ అమెరికా చేప అనీ, మన చెరువుల్లో చేరితే ఇక్కడి చేపల తిండీ చోటూ లాక్కుంటుందనీ తర్వాత తెలిసింది.

ఏ తప్పూ చేయని కప్పను పట్టి చంపడం న్యాయమా అని మా క్లాసులో వాదన జరిగింది. న్యాయం కాదన్నవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం అట్లా అనిపించలేదు. బావురు కప్ప నోట్లో పడే చిన్న కప్ప ఏం తప్పు చేసింది? అది నీళ్ళ అడుగున చస్తుంది, మన కంటికి కనబడదు. కనబడేదాని మీదే జాలి చూపిస్తే అది సగం జాలే. కాబట్టి పట్టక తప్పదు. అయితే పట్టేటప్పుడు దాన్ని రాకాసి అనకూడదు. తెచ్చింది మనం, చెడ్డపేరు దానికా?

అవ్వకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఆమె మంచి మనసుతోనే చెప్పింది. చెరువుకట్ట మీద వల ఆరేసే అన్న కనబడినప్పుడల్లా, నల్లమచ్చల చేప ఏదైనా పడిందా అని అడగాలనుకుంటాను. ఇంతవరకు అడగలేదు.